గుండె వైపు ఆవాలు

పోయిన వారం రాజమండ్రిలో, ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఒక కొట్లో నాకు కొలతలు తీసుకున్నారు. తీసుకున్నది పాతికేళ్ళు కూడా లేని అమ్మాయి. టేపు నా ఛాతీ చుట్టూ తిప్పి, అంకెలు పైకి చదువుతూ కంప్యూటర్లో కొట్టుకుంది. కర్టెన్ అవతల ఇంకెవరో కూర్చుని ఉన్నారు. వాళ్ళ దగ్గు నాకు వినిపించిందంటే నా అంకెలు వాళ్ళకి వినిపించవా?

"ఈ కొలతలు ఎవరెవరు చూస్తారమ్మా?" అని అడిగాను.

"ఎవరూ చూడరండి. సిస్టమ్‌లో ఉంటాయంతే."

"ఆ సిస్టమ్ ఎవరు చూస్తారు?"

ఆ పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు. కొలతలు దేనికో ఇప్పుడే అడక్కండి, చెప్పాలనిపించినప్పుడు నేనే చెప్తాను. అనుమానం నాకు మా నాయనమ్మ నుంచి వచ్చిన ఆస్తి. పొలం పోయింది, నగలు పోయాయి, అది మాత్రం చెక్కుచెదరలేదు. ఆటోలో ఇంటికొస్తుంటే ఆవిడా, అమ్మా, మా పాత ఇంటి ముందుగదీ అన్నీ కలిసి గుర్తుకొచ్చాయి.

మా ఊరు ఆత్రేయపురం దారిలో, కాలవ గట్టు మీద. మా ముందుగది నిండా రాజులుండేవారు. రాజులంటే వాళ్ళ బట్టలు. మా అమ్మ ఒక నాటకాల కంపెనీకి ఇంట్లోనే బట్టలు కుట్టేది. కోటలూ యుద్ధాలూ, వెన్నుపోటు పొడిచే మంత్రులూ ఉండే పాతకాలపు రాజుల నాటకాలు వాళ్ళవి. దండెం మీద ఎర్ర వెల్వెట్ కోట్లు, జరీ లేసు కుట్టిన నడికట్లు, అద్దాలు కుట్టిన అంగీలు వేలాడేవి. నేలంతా చమ్కీలు. అన్నం కంచంలో కూడా ఒక్కోసారి చమ్కీ తగిలేది. నాన్న దాన్ని తీసి పక్కన పెట్టి, "ఇవాళ కూర తళతళలాడుతోంది" అనేవాడు.

వెల్వెట్‌ని ఉతకకూడదు. ఆట అయి వచ్చిన కోట్లని అమ్మ తిరగేసి ఎండలో వేసి, సాయంత్రం సాంబ్రాణి పొగ పట్టేది. ఎంత పొగ పట్టినా చెమటా, కొబ్బరినూనే, మొహానికి పూసుకునే అర్దళం రంగూ కలిసిన వాసన పోయేది కాదు. నేను దొంగతనంగా మహారాజు కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడి కత్తి తిప్పేదాన్ని. ఎంతటి మహారాజైనా చంకల్లో వాసన మా మేనమామ చొక్కాలాగే ఉంటుందని నాకు పదకొండేళ్ళకే తెలిసిపోయింది.

పైకి కనిపించేది సగం పనే. మిగతా సగం లోపల వేసుకునేవి. లోలంగాలు, బాడీలు, నాడా చెడ్డీలు, దూది పెట్టిన బనీన్లు. రాజు వేషం వేసే ఆయన ఈనుపుల్లలా ఉండేవాడు. ఆయన ఛాతీ, భుజాలూ మొత్తం మా ఇంటి బూరుగుదూదే. "వేషం నిలబడేది లోపలి బట్ట మీదే" అని అమ్మ అంటూ ఉండేది. ఒకసారి చెలికత్తె వేషం వేసిన మగాయనకి బాడీలో పెట్టిన దూది, గెంతగానే గొంతు దాకా తన్నుకొచ్చింది. జనం ఈలలు. ఆయన మళ్ళీ ఆడవేషం కట్టలేదు. ఆ కబురు విని అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. "తేలికైపోయింది. బరువు చాల్లేదు" అని తనలో తను అనుకునేది.

ఇక నాయనమ్మ. ఆవిడ పాలలో వేలు ముంచి గోరు మీద చుక్క నిలబెట్టి చూసేది. పోస్టుమాన్ తెచ్చిన ఉత్తరాన్ని ఎండకి పెట్టి చూసేది. చింతపండు అమ్మేవాడు తూచి ఇచ్చాక దాన్ని అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకునేది. "ఇంకో చిటికెడు వెయ్యి నాయనా" అనేది. వాడు లబోదిబోమని మళ్ళీ తూచేవాడు. ప్రతిసారీ ఆవిడ చెయ్యే నిజమయ్యేది. మా వీధిలోకి వచ్చే బేరగాళ్ళు మా గుమ్మం దగ్గర కొంచెం ఎక్కువే వేసేవారు.

నాటకాలవాళ్ళంటే ఆవిడకి మరీ అనుమానం. కంపెనీ మేనేజరుగారు వచ్చినప్పుడల్లా ఆత్రేయపురం పూతరేకులు పొట్లం కట్టించి తెచ్చేవాడు.

"ముందు తమరు తినండి" అనేది నాయనమ్మ, పొట్లం ఆయన వైపే తోసి.

"ఆయ్, అలాగేనండి మామ్మగారూ" అని ఆయన సంతోషంగా రెండు తినేసేవాడు. ఆయనకి ఏమీ కాలేదని నిర్ధారణ అయ్యాక మాకు చెరొకటి దక్కేది. నెయ్యీ బెల్లం వేళ్ళకి అంటుకుంటే నేను రాజుగారి అంగీ లోపలివైపు తుడిచేసేదాన్ని.

అమ్మ టేపు వాడేది కాదు. అంకెలు రాక కాదు, ఎనిమిది దాకా చదివింది. ఎవరి కొలతైనా పాత చీర అంచు చింపిన పేలిక మీద తీసేది. నడుముకి ఒక గాటు, ఛాతీకి రెండు గాట్లు, భుజానికి మూడు. పేరు రాయదు. కొసన ఏదో ముడి వేస్తుంది. ఏ ముడి ఎవరిదో ఆవిడకే తెలుసు. వీధిలో ఆడవాళ్ళు టైలరు కొట్టుకి వెళ్ళకుండా మా ఇంటికి రావడానికి కారణం ఆ పేలికలే. "అంకె వేస్తే ఎవరైనా చదువుతారు. ఆడవాళ్ళ కొలత కడుపులో పెట్టుకోవాలి" అనేది అమ్మ. తన ఇంట్లో తనకి తెలియని సంగతులు పేలికలు దాచిన రేకు డబ్బా నిండా ఉన్నాయన్న బాధతో నాయనమ్మకి అన్నం సహించేది కాదు. ఆ డబ్బా ఎన్నిసార్లు తెరిచి ముడులు లెక్కపెట్టిందో నేను చూశాను. నేను చూశానని ఆవిడా చూసింది. అందుకే మేమిద్దరం ఒక జట్టు.

ఆ ఏడు శ్రీరామనవమి ముందు సంగతి. పందిట్లో కంపెనీవాళ్ళ ఆట ఒప్పుకున్నారు. అప్పటికే ఇళ్ళల్లోకి కేబుల్ వచ్చేసి నాటకాలు పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. యుద్ధానికి వెళ్ళే రాణి కథ అది. ఆ వేషం వేసే ఆవిడని మేమంతా రాణిగారనే పిలిచేవాళ్ళం. ఆరు నెలలుగా ఆవిడ ఆటలకి రాలేదు. టైఫాయిడ్ అని మేనేజరుగారు చెప్పాడు.

"టైఫాయిడ్ ఆరు నెలలుంటుందా?" అంది నాయనమ్మ.

నవమికి పది రోజుల ముందు, మిట్టమధ్యాహ్నం, రాణిగారు ఒక్కత్తే రిక్షా దిగింది. మనిషి సగమైంది. అమ్మ ఆవిడని ముందుగదిలోకి తీసుకెళ్ళి గడియ వేసింది. మా ఇంట్లో పగటిపూట గడియ పడటం అదే మొదటిసారి. నాయనమ్మ తలుపుకి చెవి ఆనించింది. నేను నాయనమ్మ నడుముకి ఆనుకుని నిలబడ్డాను. లోపల ఇద్దరూ ఏడుస్తున్నారు. మాటలు వినపడలేదు.

ఆవిడ వెళ్ళాక నాయనమ్మ అడిగింది. "ఏంటమ్మాయ్, ఏంటి కథ?"

"ఏం లేదండి అత్తయ్యగారూ. కొలతకి వచ్చారు."

"కొలతకి ఏడుపెందుకు?"

అమ్మ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది. అడిగినదానికి జవాబు చెప్పకుండా మిషన్ తొక్కడమంటే నాయనమ్మ దృష్టిలో నేరం ఒప్పుకున్నట్టే.

అదే వారంలో నాన్న అన్నం మానేశాడు. మాటా తగ్గించాడు. సొసైటీలో గుమాస్తా ఆయన, మామూలుగా ఇంటికొస్తూనే కబుర్లు మొదలుపెట్టేవాడు. "పన్ను నొప్పమ్మా" అని దవడ పట్టుకుని చూపించాడు. నాయనమ్మ నమ్మలేదు. "పన్ను నొప్పికి మాట పోతుందటే?" అని నన్ను అడిగింది. నేనూ ఆలోచించాను. పోదనే అనిపించింది. పైగా అమ్మ ఆ రోజుల్లో వంటింట్లోంచి ఏదో కొంగు కింద దాచి ముందుగదిలోకి తీసుకెళ్ళడం నా కళ్ళతో నేను చూశాను.

"కనిపెట్టుకుని ఉండు" అని నాయనమ్మ నాకు పని అప్పజెప్పింది. జీతం రోజుకొక బెల్లం ముక్క.

నవమికి ముందురోజు నాకు దొరికింది. అమ్మ బావికి నీళ్ళకని వెళ్ళింది. రాజుగారి కోట్ల పెట్టెలో, అన్నిటికంటే అడుగున, పాత పంచెలో చుట్టి పెట్టిన కొత్త బాడీ. గోధుమరంగు గుడ్డ, పక్కన నాడాలు. కుడివైపు మామూలుగా ఉంది. ఎడమవైపు మాత్రం దూదితో నిండి, ముట్టుకుంటే బరువుగా ఉంది. నేను పరుగున నాయనమ్మకి చూపించాను. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా.

ఆవిడ దాన్ని వేళ్ళతో నొక్కింది. లోపల ఏదో గరగరమని కదిలింది. నాయనమ్మ కత్తిపీట ముందు కూర్చుని కుట్టు కోసింది. దూది మధ్యలో చిన్న గుడ్డ సంచి, ఎర్రదారంతో కుట్టి ఉంది. దాన్నీ కోసింది. ఆవాలు ఒళ్ళో పడ్డాయి.

మా వైపు పుట్టి పెరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. దిష్టి తీసినా ఆవాలే, ఎవరి గుమ్మంలోనైనా మూట కట్టి పడేసినా ఆవాలే. ఎర్రదారం సరేసరి.

"చూశావా, ఏ పక్క పెట్టిందో?" అంది నాయనమ్మ. "గుండె పక్క. నా కొడుకు గుండెని కట్టేసిందే! ఆ నాటకాలది నేర్పింది, ఇది చేసింది. అందుకే గది గడియ, అందుకే ఏడుపులు. అబ్బాయికి మాట పడిపోయింది."

అన్నీ సరిపోయాయి. అనుమానం పెనుభూతం అంటారుగానీ, అది పక్కన కూర్చున్నప్పుడు భూతంలా ఉండదండీ, ఎంతో తెలివైన మనిషిలా ఉంటుంది. ఒక్క లెక్క తప్పలేదు. మా అమ్మ మంత్రగత్తె అని నేను నమ్మేశాను. రాత్రిళ్ళు నన్ను పొదివి పట్టుకుని పడుకునే అమ్మ. ఆ తలపు వస్తే ఇవాళ్టికీ నాకు సిగ్గేస్తుంది.

నాయనమ్మ బాడీనీ, ఆవాలనీ ఒక చింకిగుడ్డలో వేసి, నిమ్మకాయ పెట్టి మూట కట్టింది. ప్రయోగాన్ని పారే నీళ్ళలో వదలాలి, వదిలి వెనక్కి చూడకుండా రావాలి. అమ్మ మామూలుగా వెళ్ళే రేవుకి కాక, వంతెన అవతలికి తీసుకెళ్ళింది. కానీ ఆ ముందురోజే కాలవకి నీళ్ళు కట్టేశారు, ఆ కంగారులో అది ఆవిడకి తట్టలేదు. ఏటా ఎండాకాలం కట్టేస్తారు. మధ్యలో బెత్తెడు నీళ్ళున్నాయి, మిగతాదంతా బురద. నాయనమ్మ విసిరేసి, గిరుక్కున తిరిగి నడిచింది. నేను వెనక్కి చూశాను. మూట నీళ్ళలో పడలేదు, బురదలో కూరుకుని అక్కడే ఉంది. ఆ మాట ఆవిడకి చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు.

నవమి రోజు పొద్దున్నే, పందిట్లో పానకానికి మిరియాలు దంచుతున్న వేళకి, రాణిగారు వచ్చింది. ఆ సాయంత్రమే ఆట. అమ్మ పెట్టె తీసింది. కోట్లన్నీ బయటికి లాగింది. మళ్ళీ లోపల పెట్టి మళ్ళీ లాగింది.

"దేనికోసం వెతుకుతున్నావో నాకు తెలుసు" అంది నాయనమ్మ గుమ్మంలో నిలబడి. "కాలవలో కలిపేశాను. నా కొడుకు మీద ప్రయోగం చేస్తావా? ఆవాలు కుట్టి, గుండె వైపు పెట్టి? ఇద్దరూ కలిసి ఈ ఇంటి మీద పడ్డారా?"

అమ్మ ఒక్క మాట చెప్తే సరిపోయేది. చెప్పలేదు. సొంత అత్తగారు మంత్రగత్తె అంటున్నా, కన్నకూతురు నాయనమ్మ కొంగు పట్టుకుని నిలబడి చూస్తున్నా, నోరు విప్పలేదు. రాణిగారి వైపు కూడా చూడలేదు. చూస్తే నిజం చెప్పమని అడిగినట్టవుతుందని కాబోలు.

రాణిగారే లేచింది. నాయనమ్మ దగ్గరికొచ్చి, ఆవిడ కుడిచెయ్యి పట్టుకుని, తన పైట కింద ఎడమవైపు ఆనించింది.

"ఇక్కడేం లేదండి మామ్మగారూ. కోసేశారు. బతకాలంటే తియ్యాలన్నారు, తీయించుకున్నాను."

నాయనమ్మ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"మేనేజరుగారికి టైఫాయిడనే చెప్పానండి. తెలిస్తే ఈ వేషం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. వేషం పోతే నాకింకేం లేదు. దూది ఒక్కటే పెడితే తేలిపోతుందని మీ కోడలుగారు వారం రోజులు కిందామీదా పడి ఆవాలు పెట్టారండి. బియ్యమైతే చప్పుడట, రాగులకి పురుగు పడుతుందట. ఎర్రదారం ఎందుకంటే, రాజుగారి కోటుకి ఎక్కించిన దారం మిషన్ మీద ఉంది. అంతేనండి."

మా నాయనమ్మ లోకంలో దేనికైనా మారుప్రశ్న వేసే మనిషి. ఆ పూట ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. పోపులపెట్టె తెచ్చి అమ్మ మిషన్ పక్కన పెట్టింది. తర్వాత తన నేతచీర తెచ్చింది. ఉతికి ఉతికి వెన్నలా అయిన చీర, ఆవిడ ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. నిలువునా చింపేసింది.

"కొత్తగుడ్డ కోత మీద గరగరలాడుతుంది. ఇది వెయ్యమ్మాయ్" అంది. అమ్మ కళ్ళు తుడుచుకుని పేలికల డబ్బా తీసింది. ఏ ముడి రాణిగారిదో నాయనమ్మకి ఆ రోజు తెలిసింది. తెలిసినా పక్కకి తిరిగి కూర్చుంది.

నన్ను పిలిచి చెవిలో అంది. "వంతెన కిందకెళ్ళి ఆ మూట ఎవరి కంటా పడకుండా తీసుకురా." బురదలో పడిందని ఆవిడకీ తెలుసన్నమాట! వెనక్కి చూడకూడదని నాకు చెప్పి, తను చూసింది. నేను మోకాలిలోతు బురదలో దిగి మూట లాగితే, ముడి ఊడి ఆవాలు బురదలో పడిపోయాయి. బాడీ, నిమ్మకాయా మాత్రం ఇంటికి చేరాయి.

మధ్యాహ్నానికి బాడీ తయారైంది. మొదటిసారి బరువు సరిపెట్టడానికి అమ్మకి వారం పట్టింది. ఇప్పుడు అంత వ్యవధి లేదు. నాయనమ్మ రాణిగారి ముందు కూర్చుని, "ఏమనుకోకమ్మా" అని ఒక్కసారి కుడివైపు అరచేత్తో ఎత్తి పట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఇంకో చేతిలోకి ఆవాల సంచి తీసుకుంది. చింతపండు బేరం ఆడేటప్పటి మొహమే.

"ఇంకో చిటికెడు వెయ్యి" అంది. అమ్మ వేసింది. "ఇంకొంచెం." వేసింది. "చాలు. కుట్టెయ్యి."

కరెంటు కోతకి భయపడి దీపాలు పెట్టే వేళకే ఆట మొదలుపెట్టారు. జన్మలో నాటకం చూడని నాయనమ్మ వచ్చి ముందువరసలో చాప మీద కూర్చుంది. స్టేజీ వైపు చూసింది తక్కువ. మెడ తిప్పి జనాన్ని చూసింది. ఎవరి కళ్ళు ఎక్కడున్నాయో ఒక్కొక్కరినీ అనుమానంగా వెతికింది. వెనకనుంచి ఎవరో ఆవిడ, "రాణి చిక్కిపోయినట్టు లేదూ?" అంది.

నాయనమ్మ గిర్రున తిరిగింది. "టైఫాయిడ్ వస్తే చిక్కరా? నీకొస్తే లావెక్కుతావా?"

యుద్ధం ఘట్టం వచ్చింది. బిగుతు వెల్వెట్ జాకెట్టు మీద జరీ నడికట్టుతో రాణిగారు కత్తి దూసి, రెండు చేతులూ పైకెత్తి, స్టేజీ ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్క ఉరుకు ఉరికింది. పక్కన అమ్మ నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది. నాయనమ్మ కళ్ళు చిట్లించి చూసింది.

"నిలబడింది" అంది మెల్లిగా. జనం చప్పట్లు కొడుతున్నారు, ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది. దుమ్ము పడిందని చెప్పింది.

నాలుగైదు రోజులకి వంతెన కింద బురదలో పచ్చగా ఆవమొక్కలు మొలిచాయి. నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి ఒక్కటి మిగల్చకుండా పీకించింది. కాలవ మధ్యలో ఆవాలేంటని ఎవరికైనా అనుమానం వస్తుందట. నాన్న పన్ను పీకించుకుని మళ్ళీ కబుర్లు మొదలుపెట్టాడు. అమ్మ నన్నేమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆ తర్వాత రెండు మూడేళ్ళకి కంపెనీ మూతపడింది. రాణిగారు ఆఖరి ఆట దాకా ఆ వేషం కట్టిందని విన్నాను.

నిన్న ఆ కొట్టునుంచి డబ్బా వచ్చింది. నాకూ తీసేశారు, నాలుగు నెలలైంది. నాది కుడివైపు. నాయనమ్మ ఉంటే, గుండె వైపు కాదులే అని ఊరటపడేది. డబ్బాలోది మెత్తగా, చల్లగా, నిజం చర్మంలాగే ఉంది. కంప్యూటర్ లెక్కకట్టి చేసిందట. అరచేతిలో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. రెండో చెయ్యి ఎడమవైపు పెట్టుకున్నాను. చాలాసేపు అలాగే కూర్చున్నాను, ఏడ్చాను కూడా. ఆపరేషన్ అయ్యాక ఏడవడం అదే మొదటిసారి.

తర్వాత లేచి, అమ్మ పాత చీర కొంగు చింపి చిన్న సంచి కుట్టాను. అమ్మా నాయనమ్మా లేరు. చెయ్యి మాత్రం అబద్ధం చెప్పదు. ఇంకో చిటికెడు కావాలి.

ఇవాళ పొద్దున మా అమ్మాయి చారుకి పోపు వెయ్యబోతూ ఆవాల డబ్బా మూత తీసింది. అడుగంటిన ఆవాలు చూసింది. తర్వాత నా వైపు, నా పైట కుడివైపు, కళ్ళు చిట్లించి చూసింది. అచ్చం మా నాయనమ్మ చూపే. నేను అద్దంలో ఇంకోసారి చూసుకుని, అది అడుగుతుందేమోనని కూర్చున్నాను. అడగలేదు. కొట్టుకెళ్ళి ఆవాలు తెచ్చి, డబ్బా నిండా పోసి మూత పెట్టింది.